భూశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ వన్, మ్యాథ్స్-బయాలజీ గ్రూపు. గాలి, నేల, నీటికి సంబంధించిన చదువే చదువుతానని పట్టుబడుతోంది. ఏ కోర్సు మంచిది?

జవాబు: అమ్మా, కోర్సు కన్నా ముందు మాటలు తేల్చుకోవాలి. కోర్సుల పేర్లన్నీ ఆ మాటల మీదే ఉంటాయి. మనం ఇంట్లో 'వాతావరణం' అనే ఒక్క మాటను మూడింటికి వాడేస్తాం. భూమి చుట్టూ ఉన్న గాలిపొర అట్మాస్ఫియర్. ఇవాళ మబ్బు పట్టడం వెదర్. కనీసం 30 ఏళ్ల సగటు క్లైమేట్, అంటే శీతోష్ణస్థితి. చెన్నైకి ఎక్కువ వాన అక్టోబరు-డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో పడుతుందనేది శీతోష్ణస్థితి. 2015 డిసెంబరులో ఊరిని ముంచిన కుండపోత వెదర్.

నీటి విషయంలో తికమక ఇంకా ఎక్కువ. నదులు, చెరువులు, వరదల లెక్క హైడ్రాలజీ. దానిలోకి ఎక్కువగా సివిల్ ఇంజనీరింగ్ వాళ్లు వెళ్తారు. భూగర్భజలం హైడ్రోజియాలజీ, దానికి దారి జియాలజీ, అంటే రాళ్లు, భూమి పొరల చదువు. పంట నేలల మీద ఆసక్తి ఉంటే అగ్రికల్చర్ బీఎస్సీ.

అమ్మాయి ఆసక్తి నిజమైనదో కాదో ఒక ఆదివారం చూడండి. రెండు ప్లాస్టిక్ గ్లాసుల అడుగున చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డముక్క పరిచి, బయట టేపు వేయండి. ఒకదాంట్లో 200 మి.లీ. గీత దాకా పొడి ఇసుక, ఇంకోదాంట్లో పొడి బంకమట్టి నింపండి. ఇసుకలో చెంచాతో కొలిచి నీళ్లు పోస్తే 60-80 మి.లీ. ఇంకుతుంది. గబగబా పోస్తే గాలి బుడగలు చిక్కుకుని లెక్క తగ్గుతుంది. బంకమట్టిలోనూ నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున టేపులు తీస్తే ఇసుక నీళ్లు వదిలేస్తుంది, బంకమట్టి నుంచి చుక్క రావడమే కష్టం. రేణువుల మధ్య ఖాళీ ఎంత ఉందన్నది పోరాసిటీ, నీరు ఎంత సులువుగా కదులుతుందన్నది పర్మియబిలిటీ. బంకమట్టిలో మొదటిది ఎక్కువే, రెండోది చాలా తక్కువ. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

ఇదే సంగతి చెన్నై సముద్రతీరంలోని బీసెంట్ నగర్, తిరువాన్మియూరు ఇసుక నేలల్లో బోర్ల భవిష్యత్తు తేలుస్తుంది. అక్కడ సముద్రమట్టం కన్నా మంచినీరు 1 మీటరు పైన ఉంటే, లెక్క ప్రకారం కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే. ఉప్పునీరు బరువెక్కువ కనుక మంచినీరు దాని మీద తేలుతుంది. అందుకే మోటార్లు అరమీటరు తోడేసినా కింది నుంచి ఉప్పునీరు 20 మీటర్లు పైకి రాగలదు.

ఇది చదివి అమ్మాయి ఇంకా ప్రశ్నలు అడిగితే జియాలజీ వైపు ధైర్యంగా పంపండి. ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ, గిండీలో మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. గాలి, సముద్రం వైపైతే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ మంచి చోటు.

ఉద్యోగాల దగ్గర చాలామంది పొరబడతారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డుల్లో శాస్త్రవేత్త పోస్టులకు యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షకు పీజీ తప్పనిసరి. బీఎస్సీతో ఆగిపోతే ఆ దారి మూసుకుపోతుంది. కనుక అయిదేళ్ల చదువుకు ఇప్పుడే సిద్ధపడండి. ఇంజనీరు కాదు కదా అని ప్లస్ టూలో మ్యాథ్స్ మాత్రం నిర్లక్ష్యం చేయనివ్వకండి. జియోఫిజిక్స్ (భూమిని భౌతికశాస్త్రంతో చదవడం), మెటియొరాలజీ (వెదర్ చదువు) రెంటికీ అదే ఆధారం.