పాపకు ముగ్గులంటే ప్రాణం, లెక్కలంటే భయం

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా పాప ఎనిమిదో తరగతి. ఖాళీ దొరికితే ముగ్గులు, మెహందీ డిజైన్లే. లెక్కల్లో మాత్రం నూటికి ముప్పై దాటడం లేదు. ముగ్గుల నోట్‌బుక్ తీసేసి, ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిస్తే దారిలో పడుతుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ నోట్‌బుక్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ పాప లెక్కల్లోకి నడిచి వెళ్లే దారి అందులోనే ఉంది.

'7 చుక్కలు, ఎదురు చుక్క (చుక్కకు ఎదురుగా చుక్క), 1 వచ్చే వరకు' అంటే మీకు తెలుసు. మధ్య వరుసలో 7, పైనా కిందా 5, 3, 1. మొత్తం 25. ఇప్పుడు పై నుంచి మధ్య వరుస దాకా కూడండి: 1, 3, 5, 7 కలిపితే 16, అంటే నాలుగు నాలుగులు. కింద మిగిలినవి 9, అంటే మూడు మూళ్లు. 1 నుంచి బేసి సంఖ్యలు వరుసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ వర్గ సంఖ్యే వస్తుంది. ఇదే విషయం బోర్డు మీద సూత్రంగా కనబడితే పాప బట్టీ పట్టి మర్చిపోతుంది. చుక్కలు పెడుతూ తనే పట్టుకుంటే ఇక మర్చిపోదు. అవే 7 చుక్కలు సందు చుక్క (రెండు చుక్కల మధ్య సందులో చుక్క) పెట్టి 4 వరకు వేస్తే 37 అవుతాయి, ఆకారం షడ్భుజి. ఎందుకు మారిందో ఆలోచించనివ్వండి.

అలాగని ముగ్గు వేసిన ప్రతిసారీ పక్కన కూర్చుని ప్రశ్నలు వేయొద్దు. ఉన్న ఇష్టం కూడా పోతుంది. వారానికి ఒక్కటి అడిగి వదిలేయండి. జవాబు రాలేదని మీరే చెప్పేయకండి.

ఫౌండేషన్ ఇప్పుడు వద్దు, టెన్షన్ పెరగడం తప్ప లాభం లేదు. అయితే ముగ్గులతోనే బీజగణితం వచ్చేయదు. భిన్నాల దగ్గరో, రుణ సంఖ్యల దగ్గరో ఎక్కడ పట్టు తప్పిందో చూసి, అక్కడి నుంచి రోజూ అరగంట చేయించండి.

ఇక కెరీర్ సంగతి. డిజైన్ కోర్సులకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ప్రవేశ పరీక్షలు అలా రాయొచ్చు. మాదాపూర్‌లోనే నిఫ్ట్ ఉంది. కానీ ఆర్కిటెక్చర్ మీద మనసు పడితే ఇంటర్‌లో మ్యాథ్స్ తప్పనిసరి, నాటా లాంటి ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష కూడా రాయాలి. మాసబ్ ట్యాంక్ దగ్గరి జేఎన్ఏఎఫ్ఏయూకి (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఇలాంటి గీతలే గీస్తూ చదివే వాళ్లున్నారని తనకు తెలియాలి. ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోకూడదనే నా ఆరాటమంతా.

ఈ ఆదివారం 9 చుక్కల ఎదురు చుక్క ముగ్గు చెప్పి, వేయకముందే మొత్తం ఎన్ని చుక్కలో చెప్పగలదేమో అడగండి. 41 అంటే, ఎలా వచ్చిందో తననే చెప్పనివ్వండి. మధ్యలో అందుకోకుండా చివరిదాకా వినండి.