ఇసుక లోడు దిగకముందే చదువు తల్లీ

చి. సంధ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. నరసన్నపేటలో కొన్న మూడు సెంట్లలో సంక్రాంతి వెళ్లాక శంకుస్థాపన అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల సొంత జీతం మీద ఇల్లు ఎత్తడం ఇదే మొదలు. చాలా సంతోషపడ్డాను. తొమ్మిది వందల అడుగులు, సగానికి పైగా అప్పు అని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఈసీ (స్థలం మీద అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం) తీయించు, ప్లాను అప్రూవల్ తెచ్చుకో, బోరు ముందే వేయించు. అవి నీకు తెలిసినవే.

డబ్బు చాలకపోతే గది తగ్గించుకో, సరుకు తగ్గించకు. 900 అడుగుల స్లాబ్ 5 అంగుళాల మందం వేస్తే 375 ఘనపుటడుగుల కాంక్రీటు. ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 85 బస్తాల సిమెంటు. అదే 600 అడుగులైతే 57 చాలు. బీములు, పిల్లర్లు వేరే లెక్క. ఇనుము, సెంట్రింగు, కూలి కూడా ఆ మేరకు తగ్గుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కాబట్టి పాత ఎస్టిమేటు చూపించే మేస్త్రీని మళ్లీ లెక్క వేయమను. స్లాబ్ పడగానే ఇల్లు అయిపోయిందని మురిసిపోకు. ప్లాస్టరింగు, తలుపులు, కరెంటు, పైపులు, టైల్సు, రంగులు కలిస్తే ఇంచుమించు ఇంకో సగం ఖర్చు ముందుంటుంది. అప్పులు వడ్డీకెక్కేది అక్కడే.

ఇనుము తూకం మీద కొంటావు కదా, చువ్వలు లెక్కపెట్టుకో. 12 మీటర్ల చువ్వ 8 ఎంఎం అయితే 4.7 కిలోలు, 10 అయితే 7.4, 12 అయితే 10.7 రావాలి. కొంచెం అటూ ఇటూ అయితే పరవాలేదు. బాగా తక్కువ తూగితే బండి దింపించకు.

ఇప్పుడు ఇసుక సంగతి. సముద్రం ఒడ్డున కళింగపట్నం వైపు మన పాతింటి స్లాబ్ నీకు గుర్తుందా? ఫ్యాను కొక్కెం పక్క నుంచి వెంట్రుకంత గీత మొదలైంది. తర్వాత ఆ గీత వెంబడి తుప్పు మరక. ఒక వానాకాలం పోయాక అరచేతి వెడల్పు పెచ్చు మంచం మీద పడింది. అప్పుడు నీకు నాలుగేళ్లు, పక్క గదిలో పడుకున్నావు గనుక సరిపోయింది. లారీ కిరాయి మిగులుతుందని ఊరి పక్క ఇసుక తోలించారు. ఉప్పు బావి నీళ్లతోనే కలిపారు. చువ్వల కింద కవర్ బ్లాకులు (చువ్వలను రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న దిమ్మలు) పెట్టకుండా కంకర రాళ్లు దూర్చారు. మనుషులు తొక్కగానే రాళ్లు జారిపోయి చువ్వలు సెంట్రింగు రేకుకు ఆనుకున్నాయి.

సిమెంటు గట్టిపడ్డాక ఇనుముకు తుప్పు పట్టకుండా ఒక పొర కడుతుంది. ఉప్పు ఆ పొరను తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము కొన్ని రెట్లు ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైన ఎన్నిసార్లు పూత పూసినా లోపల ఉప్పు అలాగే ఉంటుంది. ఆ స్లాబ్‌కు రిపేరు మీద రిపేరు చేయించారు, చివరికి కొట్టేశారు. మిగిలిన లారీ కిరాయి ఎంతో, పోయిన డబ్బు ఎంతో నువ్వే ఆలోచించు.

అమ్మేవాళ్లు వంశధార నది ఇసుకే అంటారు. ఏ రేవుదని అడుగు. సముద్రంలో కలిసే చోటి ఇసుక వద్దు, ఎగువ ఇసుకే కావాలి. 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే అయినా తవ్వకం, లోడింగు, బండి కిరాయి నీ మీదే పడతాయి. అవి చూసి దగ్గరి రేవుకు ఆశపడకు. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు పోసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచు. ఇసుక మీద పేరుకున్న మట్టి ఎత్తు ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే లోడు వెనక్కి పంపు. ఉప్పు మాత్రం ఇలా తెలియదు. ఇసుకనూ, బోరు నీళ్లనూ ల్యాబ్‌కు పంపు. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

కవర్ బ్లాకులు స్లాబ్‌కు 20 ఎంఎం, బీముకు 25, పిల్లరుకు 40, పునాదికి 50. ఇంజనీరు ఇంకా ఎక్కువ చెబితే ఆ మాటే విను. వాటి దగ్గర బేరమాడకు.

స్లాబ్ రోజు కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గరే నిలబడు. సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు, మహా అయితే 27. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పోయడానికి సులువని ఇంకో మగ్గు పోస్తారు, ఆ మగ్గుకే బలం పోతుంది. ఆడపిల్లకేం తెలుసని మేస్త్రీ నవ్వినా కదలకు. మర్నాడే స్లాబ్ మీద మళ్లు కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలపాలి. సెంట్రింగు ఎప్పుడు విప్పాలో ఇంజనీరు చెప్పేదాకా ఎవరినీ చెయ్యి వేయనివ్వకు.

స్లాబ్ తేదీ రెండు రోజుల ముందు చెప్పు, బస్సెక్కి వచ్చేస్తాను. ఈలోగా ఇసుక నమూనా తెచ్చి సీసాలో పోసి, మూడు గంటలయ్యాక ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న