మంచి దుకాణాలు దగ్గరగా ఉన్నాయని ఇంటికి ఎక్కువ ధర పెట్టవచ్చా?

డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు ఇల్లు చూస్తున్నామని, ఏ రియల్టర్‌ను కదిపినా ఇంటి సంగతి కంటే ముందు హెచ్-ఇ-బి అనే పెద్ద టెక్సాస్ కిరాణా దుకాణం ఎంత దూరమో, మాల్ ఎంత దూరమో చెబుతున్నారని, అందుకోసం అదనపు ధర పెట్టడం సబబేనా అని మీరు అడిగారు. ఆ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో చాలా ఏళ్ళుగా సొంత ఇంట్లో ఉంటున్న నేను సబబేనని గట్టిగా చెబుతాను. వంటగదిలో ఖరీదైన రాతి పలకలకూ, మీడియా రూముకూ పెట్టే డబ్బు కంటే ఈ డబ్బే ఇంటి విలువను ఎక్కువ కాలం నిలబెడుతుంది.

2022 సెప్టెంబరు 21న ఫ్రిస్కోలో హెచ్-ఇ-బి మొదటి దుకాణం తెరిచినప్పుడు మా మామగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన జీవితమంతా కిరాణా టోకు వ్యాపారం చేసిన మనిషి కాబట్టి, కొత్త కొట్టు చూడాలని ఆయనే పట్టుబట్టి నన్ను చీకటితోనే బయలుదేరదీశారు. మేము వెళ్ళేసరికే, కొత్త సినిమా మొదటి ఆటకు నిలబడినట్లు, వందల మంది వరుస కట్టి ఉన్నారు. మా ముందు నిలబడిన దంపతులు ఒహాయో నుంచి ఉద్యోగం మారి వచ్చి ఇల్లు వెతుక్కుంటున్నారట. కూరగాయల సంగతి, మాంసం సంగతి ఒక్క మాటైనా అడగకుండా, ఈ చుట్టుపక్కల ఇళ్ళ ధరలు ఎలా ఉన్నాయి, ఏ బడిలో పిల్లలను చేర్చారు అని తలుపులు తెరిచే దాకా నన్ను అడుగుతూనే ఉన్నారు. నేను అనువదించి చెప్పినప్పుడు మామగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇంత పెద్ద కొట్టు పెట్టేవాడు చుట్టూ ఎన్ని కొంపలున్నాయో, ఒక్కో కొంపలో నెలకు ఎంత సరుకు వాడతారో లెక్క కట్టకుండా పునాది తీయడు బాబూ. ఆ లెక్క మీ బ్యాంకువాళ్ళ లెక్క కంటే గట్టిది. వీళ్ళు దాన్ని నమ్మి వచ్చారు" అన్నారు.

ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. హెచ్-ఇ-బి సంస్థ ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళ ముందే స్థలాలు కొని పెట్టుకుని, జనం తగినంతగా పెరిగే వరకు ఓపిక పట్టింది. అంతకు ముందే, 2000లో, ఇక్కడి స్టోన్‌బ్రయర్ మాల్ తెరిచేనాటికి ఫ్రిస్కో జనాభా ముప్పై నాలుగు వేలకు కాస్త తక్కువ. 2020 జనాభా లెక్కల్లో అది రెండు లక్షలు దాటింది. మాల్ ఒక్కటే ఇంత మందిని తెచ్చిందని నేను అనను, డాలస్‌కు వెళ్ళే టోల్‌వే రహదారి ఉంది, బడులు ఉన్నాయి, పక్క ఊరు ప్లేనోకు తరలివచ్చిన పెద్ద కంపెనీలు ఉన్నాయి. అయినా ఈ ఊరు ఎలా ఉంటుందో తెలియని కొత్తవాళ్ళకు, ఇక్కడ బతుకు బాగానే సాగుతుందన్న ధైర్యాన్ని ముందుగా ఇచ్చింది ఆ దుకాణాలేనని నా నమ్మకం. ఇండియన్ స్టోర్లు, టిఫిను హోటళ్ళు, 2015లో సిద్ధమైన కార్యసిద్ధి హనుమాన్ ఆలయ భవనం మనవాళ్ళకు అదే ధైర్యాన్ని ఇచ్చాయి.

రియల్టర్లు చెప్పని సంగతి మరొకటి ఉంది. ఫ్రిస్కోలో అమ్మకపు పన్ను 8.25 శాతం. అందులో 6.25 శాతం రాష్ట్రానికి పోగా, మిగిలిన రెండు శాతం నగరానికే చెందుతుంది. వండని ఆహార పదార్థాల మీద టెక్సాస్‌లో ఈ పన్ను దాదాపుగా లేదు కాబట్టి, నగరం ఖజానాకు కిరాణా కంటే మాల్, ఫర్నిచర్ దుకాణాలు, రెస్టారెంట్లే ఎక్కువ ఉపయోగం. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి ఇక్కడ సోఫా కొంటే, మన పార్కుకు వాళ్ళు కూడా డబ్బు కట్టినట్లే లెక్క. కమ్యూనిటీ లోపలి ఈత కొలను, క్లబ్ హౌసు అలా కావు. వాటి ఖర్చంతా హెచ్ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, రుసుముగా మన జేబులోంచే పోతుంది. మా కమ్యూనిటీలో కొలను వేసవి దాటగానే మూతపడుతుంది, రుసుము మాత్రం పన్నెండు నెలలకూ వసూలవుతుంది, ఎందుకు పెంచారని అడిగితే తిన్నగా సమాధానం చెప్పేవారు లేరు. అందువల్ల కమ్యూనిటీ లోపలి హంగులు చూసి ధర పెట్టేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంత మెచ్చుకున్నా, నాకు కోపం తెప్పించే విషయం ఒకటి ఉంది. ప్లేనో నగరం 1983లోనే డాలస్ ప్రాంతపు ప్రజా రవాణా సంస్థ డార్ట్‌లో చేరి, తన అమ్మకపు పన్నులో ఒక శాతాన్ని బస్సులకూ రైళ్ళకూ కేటాయించింది. ఫ్రిస్కో డార్ట్‌లో చేరకుండా, ఆ ఒక్క శాతాన్ని సగం సగంగా నగరానికే చెందిన రెండు అభివృద్ధి సంస్థలకు ఇచ్చింది. ఇన్ని హంగులు ఇంత వేగంగా సమకూరడానికి అది ఒక ముఖ్య కారణం. కారు నడపలేని పెద్దవాళ్ళు ఇంట్లో బందీలు కావడానికీ అదే కారణమని నేను అంటాను. తెనాలిలో రోజూ నడిచి బజారుకు వెళ్ళి పదిమందిని పలకరించి వచ్చే మామగారు, ఇక్కడ కిటికీలోంచి కనిపించే దుకాణానికి కూడా నేను ఆఫీసు నుంచి వచ్చే దాకా వెళ్ళలేకపోయేవారు. మధ్యలో ఆరు వరుసల రోడ్డు ఉంది, దాటే చోటు చాలా దూరంలో ఉంది. తల్లిదండ్రులను ఆరు నెలలకు పిలిపించుకునే మనలాంటి కుటుంబాలకు ఇది చిన్న సమస్య కాదు.

కాబట్టి అదనపు ధర పెట్టండి, కానీ తెరిచి నడుస్తున్న దుకాణానికే పెట్టండి. "త్వరలో వస్తుంది" అన్న బోర్డుకు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వవద్దు. ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో దేనికి అనుమతి ఉందో నగర కార్యాలయంలో జోనింగ్ పటం చూపించమని అడగండి. సెలైనా వైపు కొత్త కమ్యూనిటీలలో మామూలు ఆస్తి పన్నుకు తోడు పిఐడి (రోడ్లు, నీటి పైపుల లాంటి సదుపాయాల ఖర్చు రాబట్టే ప్రత్యేక ప్రాంతం) పేరుతో ఏటా మరో మొత్తం కట్టవలసిన చోట్లు ఉన్నాయి కనుక, అది ఎంతో, ఎన్నేళ్ళో సంతకానికి ముందే కాగితం మీద తీసుకోండి. దుకాణాల వల్ల ఇంటి విలువ పెరిగితే పన్ను కూడా పెరుగుతుంది. సొంతంగా నివసించే ఇంటికి పన్ను లెక్కలోకి వచ్చే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉంది, దానికోసం హోమ్‌స్టెడ్ దరఖాస్తు చేయడం మరిచిపోవద్దు. ఇల్లు నచ్చాక, మీ అమ్మగారో నాన్నగారో ఇక్కడ ఉంటే, వారిని వెంటబెట్టుకుని ఆ ఇంటి గుమ్మం నుంచి దుకాణం దాకా ఒకసారి నడిచి చూడండి.