టెక్ సందేహాలు: గాలివాటం యాప్‌కు తెలుస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) రైఫిల్ సాధన చేస్తున్నాను. ఫోన్‌లోని బాలిస్టిక్ యాప్ వాతావరణ సూచన నుంచి గాలి వేగాన్ని తీసుకుని, రైఫిల్ సైట్‌ను (గురి చూసే పరికరాన్ని) ఎన్ని క్లిక్కులు తిప్పాలో చెబుతోంది. అలాగే తిప్పినా బుల్లెట్లు పక్కకే పోతున్నాయి. యాప్ మార్చాలా, గాలి మీటర్ కొనాలా?

జవాబు: యాప్ మార్చనక్కర్లేదు. దాని లెక్క సరైనదే కావచ్చు; దానికి అందుతున్న గాలి మాత్రం మీ షూటింగ్ రేంజ్‌లోది కాదు. వాతావరణ కేంద్రాలు నేలకు 10 మీటర్ల ఎత్తున, అడ్డేమీ లేని చోట గాలిని కొలిచి కొన్ని నిమిషాల సగటు ఇస్తాయి. మీ బుల్లెట్ పోయేది మోకాలెత్తున, గోడల మధ్య.

గాలి బుల్లెట్‌ను పక్కనుంచి నెట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గిర్రున తిరుగుతూ పోయే బుల్లెట్ తనకు ఎదురయ్యే గాలి వైపు ముక్కును కాస్త తిప్పుకుంటుంది. దాంతో వాయు నిరోధం దాన్ని సూటిగా వెనక్కి లాగకుండా, కొంచెం ఏటవాలుగా, గాలి పోయే దిక్కుకు లాగుతుంది. అందువల్ల బుల్లెట్ ఎంత పక్కకు పోతుందన్నది ప్రయాణానికి పట్టిన మొత్తం సమయాన్ని బట్టి కాక, నిరోధం వల్ల జరిగిన ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 325 మీటర్ల వేగంతో బయల్దేరిన పాయింట్ 22 (0.22 అంగుళాల) మ్యాచ్ బుల్లెట్‌కు, అంటే పోటీల్లో వాడే బుల్లెట్‌కు, 50 మీటర్లలో జరిగే ఆలస్యం సెకనులో దాదాపు వెయ్యింట ఆరు వంతులు. దాన్ని సెకనుకు 3 మీటర్ల పక్కగాలితో హెచ్చిస్తే 18 మిల్లీమీటర్లు వస్తుంది. టార్గెట్‌పై పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే, వలయాల మధ్య ఎడం 8 మిల్లీమీటర్లే కాబట్టి, నట్టనడుమ పడాల్సిన బుల్లెట్ ఎనిమిదిలో పడుతుంది. ముఖానికి హాయిగా తగిలే గాలికే ఇంత తేడా!

గాలి మీటర్ విషయానికొస్తే, అది మీ చేతి దగ్గరి గాలిని మాత్రమే చెబుతుంది. ఒక ఉదయం 50 మీటర్ల రేంజ్‌లో షూటర్ల వెనుక కూర్చుని చూశాను: 10 మీటర్ల దగ్గరి జెండా కుడికి చాచుకుని రెపరెపలాడుతుంటే, 30 మీటర్ల దగ్గరిది కడ్డీకి అతుక్కుని వేలాడుతోంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జెండాలు ఉండేది ఆ రెండు చోట్లే. పోటీలో సొంత గాలి మీటర్‌ను, ఫోన్‌ను వాడనివ్వరు కూడా. కొంటే సాధన కోసమే కొనండి. జెండా ఎంత లేస్తే మీటర్ ఎంత చూపుతోందో కొన్ని వారాలు రాసుకుంటే, ఆ తర్వాత మీ కళ్లకే కొలత తెలుస్తుంది. ఇంకొక్క సంగతి గమనించండి: కుడిమెలిక బ్యారెల్‌లో (బుల్లెట్‌ను కుడివైపుకు తిప్పే గాడులున్న గొట్టంలో) కుడినుంచి వీచే గాలి బుల్లెట్‌ను ఎడమకే కాక కొద్దిగా పైకి, ఎడమనుంచి వీచేది కుడికీ కిందికీ తీసుకుపోతుంది. అడ్డం క్లిక్కులు మాత్రమే చెప్పే యాప్ ఈ నిలువు తేడాను వదిలేస్తుంది.

ప్రశ్న: ఇంకా వేగంగా పోయే తూటాలు వాడితే గాలి ప్రభావం తగ్గుతుంది కదా?

జవాబు: పాయింట్ 22లో జరిగేది అందుకు తలకిందులు. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దాన్ని దాటి బయల్దేరే హై వెలాసిటీ బుల్లెట్‌కు ఆ హద్దు దగ్గర నిరోధం ఒక్కసారిగా పెరిగి, ఆలస్యం ఎక్కువవుతుంది. నిదానంగా పోయే మ్యాచ్ బుల్లెట్టే తక్కువ పక్కకు జరుగుతుంది.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో, సర్రేలో ఉంటున్నాను. ఇక్కడి బిస్లీ షూటింగ్ రేంజ్‌లో 1000 గజాల షూటింగ్ మొదలుపెట్టాను. అంత దూరంలో ఏ చోటి గాలిని చూడాలి?

జవాబు: ముందు మీ దగ్గరి గాలిని చూడండి. మొదట్లో పక్కకు తిరిగిన బుల్లెట్ మిగతా దూరమంతా ఆ తిరిగిన దిశలోనే పోతుంది కనుక, టార్గెట్ దగ్గరి గాలికన్నా దీని ప్రభావం ఎక్కువ. 7.62 మిల్లీమీటర్ల మ్యాచ్ బుల్లెట్‌కు 1000 గజాల్లో ఆలస్యం సుమారు అర సెకను ఉంటుంది. అంటే సెకనుకు 4 మీటర్ల పక్కగాలికి రెండు మీటర్లు జరుగుతుంది, గాలి వేగంపై మీ అంచనా సెకనుకు అర మీటరు తప్పితే గురి పావు మీటరు తప్పుతుంది. ఎండ ఉన్నప్పుడు స్పాటింగ్ స్కోప్‌ను (టార్గెట్‌ను చూసే దుర్భిణిని) టార్గెట్‌కు కాస్త ఇవతల ఫోకస్ చేయండి. ఎండకు గాలిలో అలలుగా కనిపించే వేడి తెరలు ఏ వైపు పారుతుంటే గాలి ఆ వైపు పోతున్నట్టు. అవి నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టు కనిపిస్తే పక్కగాలి లేనట్టు. కాకపోతే అది గాలి దిక్కు మారే క్షణం కూడా కావచ్చు కనుక, అప్పుడు ట్రిగ్గర్ నొక్కకుండా జెండాలు కుదురుకునే దాకా ఆగండి.