ఖాతా భద్రత పేరుతో వచ్చిన ఈమెయిల్ అసలుదా, నకిలీదా అని ఎలా తెలుస్తుంది?

అందులోని లింకును నొక్కకుండా, ఆ సంస్థ యాప్‌ను గానీ వెబ్‌సైట్‌ను గానీ మీరే విడిగా తెరిచి, అదే హెచ్చరిక మీ ఖాతాలోనూ ఉందో లేదో చూడటమే నమ్మదగిన పద్ధతి. పంపినవారి పేరు, లోగో, మర్యాదైన భాష ఎవరైనా నకలు చేయగలరు. మీ ఖాతా లోపల కనిపించే వివరాలను మాత్రం నకిలీ ఈమెయిల్ పంపినంత మాత్రాన మార్చలేరు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు సాగుచేసే రైతుకు, రొయ్యలు పట్టే హడావిడిలో ఉండగా, "మీ జీమెయిల్‌లోకి కొత్త ఫోన్ నుంచి ఎవరో ప్రవేశించారు, 24 గంటల్లో ధ్రువీకరించకపోతే ఖాతా మూసివేస్తాం" అని వచ్చిందనుకుందాం. గూగుల్ ఖాతాలోని సెక్యూరిటీ విభాగంలో అలాంటి ఫోన్ ఏదీ నమోదు కాకపోతే ఆ ఈమెయిల్‌ను నమ్మనక్కరలేదు. పైగా దాని లింకు "గూగుల్.కామ్.ఖాతా-రక్షణ.ఎక్స్‌వైజెడ్" అని ఉంటే, మొదట కనిపించే గూగుల్ పేరుకు విలువ లేదు, సైటు ఎవరిదో చెప్పేది "https://" తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/)కు ముందు, చిట్టచివర ఉండే "ఖాతా-రక్షణ.ఎక్స్‌వైజెడ్" అనే భాగమే. ఫోన్‌లో లింకును నొక్కిపట్టి ఉంచితే సాధారణంగా ఈ చిరునామా మొత్తం కనిపిస్తుంది. బ్యాంకుల విషయంలో గుర్తింపు కాస్త తేలిక: 2025 అక్టోబరు 31 లోగా ".బ్యాంక్.ఇన్"తో ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే సైటు అసలుదేనన్నది చాలామంది అపోహ. మీ ఫోన్‌కూ ఆ సైటుకూ మధ్య సమాచారం సంకేత రూపంలో వెళుతుందని మాత్రమే అది చెబుతుంది. అందుకు కావలసిన సర్టిఫికెట్ మోసగాళ్లకూ ఉచితంగానే దొరుకుతుంది.