థర్మామీటరు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న చూడగానే నా మొదటి పరిశోధన ప్రతిపాదన గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. మీరు అడిగింది ఇది: ఆస్ట్రేలియాలో ఆర్కిటెక్చర్ పరిశోధన చేయాలని ఉంది, సుస్థిరత, ఆరోగ్యం, అక్కడి మూలవాసుల సంస్కృతి మూడూ కలిసే అంశం ఎలా ఎంచుకోవాలి, పరాయి దేశం వాళ్లం అందులో వేలు పెట్టవచ్చా అని. ఆ మూడు మాటలనూ ఒకే శీర్షికలో కూరి నేనూ ఒక ప్రతిపాదన రాశాను. అట్ట మీద అక్కడి మూలవాసుల చుక్కల చిత్రకళను అనుకరించి గీసిన జాలీ గోడ, లోపల కార్బన్ లెక్కలు, చివర ‘సమాజ ఆరోగ్యం’ అని ఒక పేరా. మా గైడు అంతా చదివి, పెన్నుకు మూత పెట్టి, “ఇది నిన్ను ఎవరు అడిగారు?” అన్నారు. నిజానికి ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లు ఉన్నప్పుడు పని ఎలా సాగుతుందో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. అందమైన భవనాల ఫొటోలకంటే ముందు దాన్ని చదవండి. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రపు వాయవ్య మూలన, అనంగు అనే మూలవాసుల ఎడారి భూముల్లో, 1985లో అక్కడివాళ్ల సొంత ఆరోగ్య సంస్థను యామీ లెస్టర్ అనే ఆయన నడిపేవారు. బ్రిటిష్ ప్రభుత్వం 1953లో ఆ ఎడారిలో జరిపిన అణుపరీక్షల తర్వాత, చిన్న వయసులోనే చూపు పోగొట్టుకున్న మనిషి. క్లినిక్కు నడుస్తూనే ఉంది, జబ్బులూ వస్తూనే ఉన్నాయి. అందుకని ఆయన పాల్ టోర్జిలో అనే డాక్టరునూ, పాల్ ఫొలెరోస్ అనే ఆర్కిటెక్టునూ, పర్యావరణ ఆరోగ్యం చూసే స్టెఫాన్ రైనోనూ పిలిచి, అసలు జనం జబ్బు పడకుండా చూడండి అన్నారు. 1987లో వాళ్ల నివేదిక వచ్చింది. ఒక ఇంట్లో మనిషి ఆరోగ్యంగా బతకాలంటే ఏమేం చేయగలగాలో అందులో తొమ్మిది పనులుగా వరుస పెట్టారు. పిల్లలకు, పెద్దలకు స్నానం. బట్టలు, పక్కబట్టలు ఉతుక్కోవడం. మురుగునీరు బయటికి పోవడం. వంట చేసుకుని, ఆహారం నిల్వ చేసుకోవడం. ఆ తర్వాత కిక్కిరిసి ఉండటం, పురుగూ పుట్రా, దుమ్ము, ఎండా చలీ, దెబ్బలు తగిలే ప్రమాదాలు, వీటిని తగ్గించుకోవడం.

స్నానం మొదట ఎందుకు ఉందో ఆలోచించండి. గజ్జి వస్తే పిల్లలు గోకుతారు, గోకితే పుండవుతుంది, పుండులో స్ట్రెప్టోకాకస్ చేరుతుంది, అది మూత్రపిండాల దాకా వెళుతుంది. గుండె కవాటాలకు కూడా చేటేనని వైద్యుల అనుమానం. ఈ గొలుసును ఇంట్లోనే తెంచాలంటే షవర్‌లో నీళ్లు రావాలి, వేడిగా రావాలి, కాళ్ల కింద నిలవకుండా పోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది ప్లానులో మాత్రమే స్నానాల గది. మనం కాలేజీలో గీసిన ప్లాన్లలో నీరు ఎటు పోతుందో చూసుకున్నది ఎన్నిసార్లు? నేనైతే ఒక్కసారీ చూసుకోలేదు.

వాళ్లు పెట్టుకున్న ఇంకో నియమం నాకు బాగా నచ్చింది: సేవ లేకుండా సర్వే లేదు. ఇల్లు పరిశీలించడానికి వెళ్లిన బృందం చేతిలో పనిముట్లు ఉండాలి, మరమ్మతులు ఆ రోజే మొదలుకావాలి. ఆ బృందంలో స్థానికులే ఎక్కువగా ఉంటారు. ఇళ్లలో వస్తువులు పనిచేయకపోవడానికి కారణాలు లెక్క తీస్తే, నివాసులు పాడుచేసినవి 10 శాతం లోపే. చాలావరకు సాధారణ నిర్వహణ లేక పాడైనవి, మిగతావి మొదటినుంచే తప్పుగా కట్టినవి. ‘వాళ్లకు ఇల్లు వాడుకోవడం రాదు’ అని తేల్చేసే మాట మీకూ వినపడుతుంది. అప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ఆరోగ్య శాఖ 1998 నుంచి 2008 వరకు అక్కడ జరిగిన ఇదే తరహా పనిని పరిశీలించింది. మరమ్మతులు అందిన ఇళ్లవాళ్లు అంటురోగాలతో ఆసుపత్రిలో చేరడం, అవి అందని గ్రామీణ మూలవాసులతో పోలిస్తే 40 శాతం తక్కువని 2010లో ప్రకటించింది. కుళాయి, గొట్టం, స్విచ్చు బాగుచేస్తే వచ్చిన ఫలితం అది.

ఇంత చదివి కూడా నేను తప్పు చేశాను. మధ్య ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊరికి వెళ్లే అవకాశం వచ్చింది. పేరు చెప్పే అనుమతి నాకు లేదు. ఇళ్లలో వేడి ఎంత ఉంటుందో కొలవాలని గంటగంటకూ ఉష్ణోగ్రత రాసుకునే చిన్న యంత్రాలు పట్టుకెళ్లి, నాలుగు ఇళ్లలో పడకగది గోడలకు తగిలించాను. రెండు వారాల తర్వాత గీసిన గ్రాఫులు అద్భుతంగా వచ్చాయి. రాత్రి పదకొండుకు కూడా గది కొలిమిలా ఉంది. వాటిని ఊళ్లో అందరూ ఆంటీ అని పిలిచే పెద్దావిడకు చూపించాను, నేనూ ఆవిడను అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ నవ్వి, “ఆ గదిలో ఎవరూ పడుకోలేదు కదా” అన్నారు. వేసవి అంతా వాళ్లు పరుపులు బయట వేసుకుని పడుకున్నారు. మనుషులు లేని గదుల వేడిని నేను చాలా కచ్చితంగా కొలిచాను.

తర్వాత ఆవిడే చెప్పారు, “గోడకు కాదు, ఫ్రిజ్‌లో పెట్టు” అని. ఆ ఇంట్లో ఒకరికి మధుమేహం. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆ ఇళ్లకు ముందుగా డబ్బు కట్టి కరెంటు వాడుకునే మీటర్లు ఉన్నాయి. డబ్బు అయిపోతే కరెంటు ఆగిపోతుంది, ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. ఇది ఆ ఒక్క ఊరి గొడవ కాదు. నార్తర్న్ టెరిటరీ అనే ఉత్తర ప్రాంతంలో 28 మారుమూల ఊళ్లలో సుమారు 3,300 ఇళ్ల మీటర్లను పరిశీలించిన అధ్యయనం ఒకటి ‘నేచర్ ఎనర్జీ’ పత్రికలో వచ్చింది. 2018–19లో 91 శాతం ఇళ్లకు కనీసం ఒకసారి కరెంటు తెగింది. 74 శాతం ఇళ్లకు పదిసార్ల కంటే ఎక్కువే తెగింది. మధ్య ప్రాంతంలో కరెంటు ఎక్కువ వాడే ఇళ్లకు, విపరీతమైన ఎండ లేదా చలి ఉన్న రోజున అది తెగే అవకాశం మూడింట ఒకటి. అంటే సరిగ్గా అవసరమైన రోజునే పోతుంది. వేడిని పట్టుకునే గోడ, దాన్ని చల్లార్చే ఏసీ, ఏసీ తినే మీటరు డబ్బు, ఆ డబ్బుతో పాటే పోయే మందు. నేను శీర్షికలో బలవంతంగా కూరిన మూడు మాటలూ ఆ ఫ్రిజ్‌లో వాటంతట అవే కలిసి ఉన్నాయి. నా పరిశోధన అక్కడి నుంచి మళ్లీ మొదలైంది.

సంస్కృతి ఎక్కడుంది అంటారా? నా అనుభవంలో అది గోడ మీది బొమ్మలో కంటే గుమ్మం ఉన్న చోట ఎక్కువ కనపడింది. తెలుగువాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. నాన్న అన్న మనకు పెదనాన్న, అమ్మ అక్క పెద్దమ్మ, మేనత్త, మేనమామ పూర్తిగా వేరు. అక్కడి చాలా భాషల్లో తండ్రి సోదరుడిని తండ్రి అనే, తల్లి సోదరిని తల్లి అనే పిలుస్తారు. ఆ వరుసలతో పాటు పాటించాల్సిన దూరాలూ ఉంటాయి. చాలా సమాజాల్లో అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, మాట్లాడుకోకూడదు. ఒకే గుమ్మం, ఒకే ఇరుకు నడవా ఉన్న ఇంట్లో వాళ్లేం చేయాలి? ఒకరు బయటే ఉండిపోతారు. దాన్ని చూసి బయటివాళ్లు ‘ఇల్లు వాడుకోవడం లేదు’ అని రాసుకుంటారు. ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ ఇల్లు కొన్నాళ్లు ఖాళీ చేయడం చాలాచోట్ల ఆచారం. అప్పుడు పక్క ఇల్లు కిక్కిరుస్తుంది. ఆస్ట్రేలియా అధికారిక గణాంకాలు ఈ కిక్కిరిసి ఉండటాన్ని కొలవడానికి వాడే కొలబద్ద కెనడా నుంచి వచ్చింది. వయసు, లింగం, జంటలను బట్టి ఎన్ని పడకగదులు కావాలో అది లెక్కగడుతుంది. వరండాను అది లెక్కలోకి తీసుకోదు, వరుసలను అసలే తీసుకోదు. మీకు ఇంకా అంశం దొరక్కపోతే ఇక్కడ ఒక థీసిస్ పడి ఉంది, తీసుకోండి.

ప్రసిద్ధ కట్టడాల గురించి ఒక్క మాట. ఉత్తర తీరంలోని యిర్కలాలో 1994లో గ్లెన్ మర్కట్ అనే ఆర్కిటెక్టు కట్టిన మారికా–ఆల్డర్టన్ ఇంటితో అందరూ మొదలుపెడతారు. కాళ్ల మీద నిలబడి, కిటికీలకు అద్దం లేకుండా, గాలికి తెరుచుకునే ఆ ఇల్లు నాకూ ఇష్టమే. కానీ అది ఉష్ణమండల తీరప్రాంతపు ఇల్లు. శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నా కంటే దిగిపోయే మధ్య ఎడారి ఊరు ఆలిస్ స్ప్రింగ్స్‌లో అదే నమూనా దిగబెడితే చలికి వణకాలి. మూలవాసుల ఇల్లు అనేది ఒకే రకం అనుకున్న క్షణమే పరిశోధన పక్కదారి పడుతుంది.

బయటివాళ్లం వేలు పెట్టవచ్చా అన్నదానికి నా జవాబు: పిలిస్తే పెట్టవచ్చు. ఆ దేశంలో ఇది మర్యాదకు సంబంధించిన మాటగా మిగలలేదు, నియమంగా మారింది. మూలవాసులకు సంబంధించిన పరిశోధనకు, వాళ్ల అధ్యయనాలు చూసే జాతీయ సంస్థ ఐయాట్సిస్ 2020లో తెచ్చిన నైతిక నియమావళి ఉంది. విశ్వవిద్యాలయం నైతిక కమిటీ దాన్ని పట్టుకునే ప్రశ్నలు వేస్తుంది. చాలా భూముల్లో అడుగు పెట్టడానికే విడిగా పర్మిట్ కావాలి. ఇవన్నీ పూర్తయ్యేసరికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. రెండేళ్ల కోర్సులో అది చిన్న సమయం కాదు. అందుకే కొత్త ఊరు వెతుక్కోకుండా, ఇప్పటికే స్థానిక సంస్థతో ఏళ్లుగా పనిచేస్తున్న గైడును వెతుక్కోండి. గైడుకు రాసే మొదటి ఉత్తరంలో మీ ఆలోచనను అమ్మకానికి పెట్టవద్దు. “మీతో పనిచేసే సమాజం ఇప్పుడు ఏ ప్రశ్నకు జవాబు కోరుతోంది?” అని అడగండి. జవాబులో మురుగు గొట్టం ఉంటే నిరాశపడకండి.

ఆ ఫ్రిజ్ గ్రాఫు నా థీసిస్‌లో లేదు. ఆంటీ దాన్ని ఊరి కమిటీ ముందు పెట్టి, మీటర్ల గురించి మాట్లాడటానికి అది తమ దగ్గరే ఉండాలన్నారు. నాకు వాడుకోవడానికి ఇచ్చింది గోడ గ్రాఫు ఒక్కటే, అదీ నా తప్పుకు ఉదాహరణగా.