డ్రోన్ కొన్న మా అల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు డ్రోన్ కొన్నావని, అప్పుడే మాఘమాసంలో ఒక పెళ్ళికి షూటింగ్ కూడా ఒప్పుకున్నావని చెప్పింది. కొన్నందుకు సంతోషం. ఒప్పుకున్నావని విన్నాక మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. దాచుకుని రెండుసార్లు చదువు.

ఇంకో పది రోజుల్లో ధనుర్మాసం వస్తుంది. పెళ్ళిళ్ళు ఉండవు, మనలాంటి స్టూడియోల వాళ్ళకి పనీ ఉండదు. సార్వా కోతలు అయిపోయాయి, దాళ్వా ఊడ్పులు ఇంకా మొదలవలేదు. చేలన్నీ ఖాళీగా పడి ఉన్నాయి. కోనసీమలో నెత్తిమీద కొబ్బరిమట్ట లేని చోటు దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఈ నెల రోజులూ వదులుకోకు.

నేను మొదటిసారి డ్రోన్ పడేసింది ఒక పెళ్ళిలోనే. అప్పటికి కొని మూడు నెలలైంది, చెయ్యి తిరిగిపోయిందనే అనుకున్నాను. కాలవ గట్టు మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు నిలబడ్డారు. వాళ్ళ ముఖాల దగ్గర మొదలుపెట్టి మెల్లగా వెనక్కి, పైకి లాగుతూ కాలవ, చేలు, ఊరు అన్నీ కనబడేలా షాట్ తీయాలి. స్క్రీన్ మీద బొమ్మ ఎంత బాగా వస్తోందంటే, నా కళ్ళు దాని మీద నుంచి కదల్లేదు. వెనకాల కొబ్బరిచెట్టు ఉంది. కాండానికి చాలా దూరంలోనే ఉన్నాను కానీ, గాలికి ఒక మట్ట ఇటు ఊగింది. దాని కొస ఈనె రెక్కకి తగిలింది, అంతే. టకటకమని చప్పుడైంది, స్క్రీన్ మీద ఆకాశం గిర్రున తిరిగింది. చెట్టు కింద ముగ్గురు పిల్లలు ఆడుకుంటున్నారు. డ్రోన్ వాళ్ళకి నాలుగడుగుల దూరంలో పడింది. డబ్బు నష్టం ఎప్పుడో మర్చిపోయాను. ఆ నాలుగడుగులు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

కాబట్టి నా మొదటి మాట ఇది. నీ కళ్ళు డ్రోన్ మీద ఉండాలి. స్క్రీన్‌ని ఒక్క క్షణం చూసుకో, ఫ్రేమ్ సరిపోయిందా లేదా అని. మళ్ళీ ఆకాశంలోకే చూడు. స్క్రీన్‌లో కనబడేది కెమెరా ముందున్నది మాత్రమే. వెనకా పక్కనా ఏముందో అది చూపించదు. ఇక వెనక్కి లాగే షాట్ తీయాలంటే నేను ఇప్పుడు ఒక పద్ధతి పాటిస్తాను. షాట్ ఎక్కడ ముగియాలో ముందు అక్కడికి డ్రోన్‌ని తీసుకెళ్తాను. అక్కడి నుంచి జంట వైపు ముఖం పెట్టి, నేరుగా ముందుకి వస్తాను. దారిలో ఏమున్నా కెమెరాలో కనబడుతుంది. ఏమీ లేదని తేలాక అదే దారిలో వెనక్కి లాగుతాను. రెండు నిమిషాల బ్యాటరీ ఖర్చవుతుంది. అవనీ.

నీది డీజేఐ కంపెనీ మినీ 3 ప్రో అని మీ అమ్మ చెప్పింది. దానికి ముందు, వెనక, కింద అడ్డాలని గుర్తుపట్టే సెన్సార్లు ఉన్నాయి, పక్కలకి లేవు. కుడికో ఎడమకో జరుపుతూ తీసేటప్పుడు అది గుడ్డిదే అనుకో. ఉన్న వైపు కూడా సన్నటి తీగలు, ఆకు రాలిన కొమ్మలు, అద్దాలు దానికి సరిగ్గా ఆనవు. సాయంత్రం వెలుతురు తగ్గితే అసలే కష్టం. బాగా వేగంగా వెళ్ళే స్పోర్ట్ మోడ్‌లో పెడితే ఆ సెన్సార్లు పనిచేయవు, ఆగడానికి కూడా గాలి లేనప్పుడే కనీసం 30 మీటర్లు కావాలి. ఈ నెలంతా స్పోర్ట్ మోడ్ ఊసెత్తకు. సెట్టింగుల్లో అడ్డం వస్తే ఏం చేయాలని అడిగే చోట బ్రేక్ అని పెట్టు. పక్కనుంచి చుట్టుకుని వెళ్ళమని పెడితే కొత్తల్లో అది ఎటు వెళ్తుందో నీకు అర్థం కాదు.

ఇక రెండో మాట. కంగారు పుట్టగానే రిమోట్ మీదున్న రెండు స్టిక్‌లూ వదిలెయ్. జీపీఎస్ బాగా అందుతున్నంతసేపూ అది తనంతట తాను ఆగి, గాలిలో అక్కడే నిలబడుతుంది. వినడానికి ఇది చిన్న విషయం. కానీ నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళందరినీ చూశాను, భయం వేసినప్పుడు మనిషి చెయ్యి స్టిక్‌ని ఇంకా గట్టిగా నొక్కుతుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు గోతిని చూస్తూ చూస్తూ అందులోకే వెళ్ళినట్టు. అందుకని వదలడం కూడా ప్రాక్టీస్ చెయ్యాలి. ఖాళీ చేలో మామూలుగా నడుపుతూ ఉండు, పక్కన నీ ఫ్రెండ్‌ని నిలబెట్టి ఎప్పుడు పడితే అప్పుడు "ఆపు" అని అరవమను. అరవగానే వేళ్ళు వదలాలి. రోజుకి ఇరవైసార్లు చెయ్యి. చూసి నవ్వేవాళ్ళు నవ్వనీ.

తర్వాత నేర్చుకోవాల్సింది దిక్కు. డ్రోన్ వీపు నీ వైపు ఉన్నంతసేపు కుడి అంటే కుడే. దాని ముఖం నీ వైపు తిరిగిందా, కుడి స్టిక్‌ని కుడికి తోస్తే నీకు ఎడమకి వెళ్తుంది. చాలామంది చెట్టుకి కొట్టేది ఇక్కడే. చేలో నాలుగు గోనెసంచులు చదరంగా పరిచి, మూలకి ఒకటి చొప్పున, మనిషి తల కంటే కొంచెం ఎత్తులో ఒక్కో సంచి మీదా ఆగుతూ తిప్పు. మొదట వీపు నీ వైపు ఉంచి. అది తేలికైపోయాక ముఖం నీ వైపు పెట్టి. చివరగా ఎనిమిది అంకె వేయించు. ముఖం నీ వైపు ఉండగా, ఆలోచించకుండా ఎటు అంటే అటు జరపగలిగిన రోజున నాకు ఫోన్ చెయ్. ఆ రోజు పెళ్ళి సంగతి మాట్లాడుకుందాం.

వరి కొయ్యల మీద నుంచి నేరుగా లేపకు. గడ్డిపోచలు, ఊక మోటర్లలోకి వెళ్తాయి, రెక్కలకి కొయ్యలు తగులుతాయి. ఒక పట్టా పరుచుకో. డాబా మీద నుంచి కూడా వద్దు. స్లాబులో ఇనుప ఊచలుంటాయి, దాని దిక్సూచి తడబడుతుంది. కారు బానెట్ మీద నుంచి లేపేవాళ్ళని చూశాను, అదీ అంతే.

లేపగానే వెళ్ళిపోకు. హోమ్ పాయింట్, అంటే అది తిరిగి రావాల్సిన చోటు, రికార్డయిందని యాప్ చెప్పేదాకా ఆగు, తర్వాత నీ ఎత్తులో ఒక అర నిమిషం నిలబెట్టు. నిలకడగా ఉందా, చప్పుడు మామూలుగా ఉందా విను. రెక్క కొస కొంచెం చిట్లినా ఆ చప్పుడులో తేడా తెలుస్తుంది. రెక్కలు మార్చినప్పుడు గుర్తు వేసి ఉన్న డ్రోన్ చేతికి గుర్తు వేసి ఉన్న రెక్కే బిగించాలి. తారుమారైతే లేచీ లేవకముందే బోర్లా పడుతుంది. బ్యాటరీ టక్కుమని కూర్చుందో లేదో వేలితో నొక్కి చూడు.

హోమ్ పాయింట్ అన్నాను కదా, దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సిగ్నల్ పోతే డ్రోన్ నువ్వు పెట్టిన ఎత్తుకి లేచి, ఇంటికి తిరిగొచ్చినట్టు లేపిన చోటికి వస్తుంది. ఆ ఎత్తు ఎంత పెట్టావన్నదే ప్రశ్న. మన కొబ్బరిచెట్లు అరవై, ఎనభై అడుగులుంటాయి, అంటే పాతిక మీటర్ల దాకా. నేను మన వైపు 50 మీటర్లు పెడతాను. దారిలో సెల్ టవర్ ఉంటే దాన్ని దాటేటట్టు ఇంకా పైకి. కొత్త ఊరు వెళ్ళిన ప్రతిసారీ చుట్టూ చూసి మళ్ళీ పెట్టు, పాత లెక్క ఉంచకు. చెట్టు కొమ్మల కింద నుంచి లేపినా, పందిరి కింద తిప్పినా ఈ సదుపాయమే శత్రువవుతుంది. తిరిగి వద్దామని అది నేరుగా పైకి లేచి కప్పుని కొడుతుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడు మబ్బులు తీద్దామని వంజంగి వెళ్ళాడు. కొండ కింద రోడ్డు దగ్గర నుంచి లేపి, గట్టు దాటించి అవతల కిందికి దించాడు. కొండ అడ్డం వచ్చి సిగ్నల్ పోయింది. తిరిగొచ్చే ఎత్తు 30 మీటర్లు ఉంది. యాప్‌లో కనబడే ఎత్తు నువ్వు లేపిన చోటు నుంచి లెక్క. కింద నేల పైకి లేస్తే ఆ సంగతి ఆ అంకెకి తెలియదు. ఆ పొగమంచులో సెన్సార్లకీ ఏమీ కనబడలేదు. డ్రోన్ కొండకి కొట్టుకుంది. రెండు రోజులు వెతికినా దొరకలేదు.

కరెంటు తీగల గురించి ఎంత చెప్పినా తక్కువే. స్క్రీన్ మీద తీగ కనబడదు, వంద అడుగుల దూరం నుంచి కంటికీ కనబడదు. అందుకని తీగ కోసం వెతక్కు, స్తంభం కోసం చూడు. రెండు స్తంభాలు కనబడితే మధ్యలో తీగ ఉన్నట్టే. లైను దాటాల్సి వస్తే స్తంభం తల మీదుగా దాటు. తీగ అక్కడే అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది, స్తంభం మాత్రం స్పష్టంగా కనబడుతుంది. చేలో మోటారు షెడ్డు కనబడితే దానికి ఎటునుంచో సర్వీసు వైరు వచ్చే ఉంటుంది, ముందు నడిచి వెళ్ళి చూసుకో. ఇంకొకటి. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా అడ్డంగా దారాలు కడతారు. పైనుంచి చూస్తే నీళ్ళు తళతళలాడుతూ ఎంతో అందంగా ఉంటుంది, కిందికి దించాలనిపిస్తుంది. దించకు. గోదావరి మీదైనా, కాలవ మీదైనా నీళ్ళకి దగ్గరగా పోకు. కింది సెన్సార్లు నీళ్ళని సరిగ్గా చదవలేవు. కనీసం పది మీటర్లు ఎత్తులో ఉంచు.

బ్యాటరీ కాగితం మీద 34 నిమిషాలు. నువ్వు ఇరవై అనుకో. 40 శాతానికి తిరుగుముఖం పట్టించు, పాతికకి నేల మీద ఉండాలి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళు, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. తిరగేసి చేస్తే వెళ్ళడం సరదాగానే ఉంటుంది, రావడానికే చార్జింగ్ చాలదు. నేల మీద కొబ్బరాకు కదలకపోయినా పైన గాలి వేరు. ఆషాఢం గాలుల్లో నేను అసలు పెట్టెలోంచి తీయను.

గద్ద వెంటపడితే నేరుగా పైకి లేపు, అది అంత నిట్రంగా ఎగబాకలేదు. భోగి నుంచి కనుమ దాకా గాలిపటాలు ఎగిరే చోట వద్దు, మాంజా రెక్కకి చుట్టుకుంటుంది. విమానాశ్రయాల దగ్గర నియమాలు గుర్తుంచుకో. సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా అసలు లేపకూడదు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల వరకే. ఆ అవతల కూడా 400 అడుగులు దాటకూడదు. తిరుమలలో ఎగరేయడం నిషేధం, ముచ్చటపడి తీసుకెళ్ళకు. కొత్త చోటికి వెళ్తే, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకుని వెళ్ళు.

పెళ్ళి సంగతికి వద్దాం. అక్కడ నిన్ను పడగొట్టేది మనుషుల మాట. పెళ్ళికూతురి బాబాయి వచ్చి "తమ్ముడూ, ఇంకొంచెం కిందికి, ఊరేగింపు మీదుగా తీసుకురా" అంటాడు. అందరూ నిన్నే చూస్తుంటారు. కాదనడం కష్టం. అయినా కాదను. మనుషుల తలల మీదుగా ఎప్పుడూ తిప్పకు, పక్కనుంచి తీసినా ఊరేగింపు నిండుగానే కనబడుతుంది. టపాసులు పైకి లేచే చోటు, పేపర్ బ్లాస్ట్‌లు పేల్చే చోటు ముందే కనుక్కో. సీరియల్ లైట్ల తీగలు ఎక్కడెక్కడ కట్టారో పగలే చూసుకో. డ్రోన్ పైన ఉన్నంతసేపూ నీ పక్కన ఒక మనిషి ఉండాలి, అతని పని ఆకాశంలోకి చూడడం, నీతో మాట్లాడడానికి వచ్చేవాళ్ళని ఆపడం. ఫోన్‌కి కాల్స్ రాకుండా పెట్టుకో. డ్రోన్ దిగేటప్పుడు చేత్తో పట్టుకునే విద్య నేర్చుకోవద్దు, వేళ్ళు తెగుతాయి.

ఇన్ని చెప్పినా ఎప్పుడో ఒకసారి పడుతుంది. పడగానే, చెట్టులో ఇరుక్కున్నా, మోటర్లు ఆపెయ్. లేకపోతే కొమ్మకి రెక్కలు బిగిసి మోటర్లు కాలిపోతాయి. చెట్టు నువ్వెక్కకు, కొబ్బరి దింపులు తీసేవాళ్ళని పిలువు. కరెంటు తీగ మీద పడితే కర్రతో కూడా ముట్టుకోకు, లైన్‌మన్‌కి ఫోన్ చెయ్. నీళ్ళలో తడిసిన బ్యాటరీ, ఉబ్బిన బ్యాటరీ మళ్ళీ చార్జింగ్‌కి పెట్టొద్దు.

మాఘమాసంలో ఆ పెళ్ళికి నేనూ వస్తాను. డబ్బుల ప్రసక్తి తేకు. జనం రాకముందు పైనుంచి పందిరి ఒకటి, పొద్దున ఊరు ఒకటి, ఆ రెండు షాట్లూ నువ్వు తియ్యి. మిగతావి నేను చూసుకుంటాను.

ఆదివారం మంచు విడిచాక, ఎనిమిదింటికి, మన పెద్దచేను గట్టు దగ్గరకి వచ్చెయ్. బ్యాటరీలన్నీ నిండా చార్జింగ్ పెట్టుకుని రా. గోనెసంచులు నేను తెస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య